మన గెడ్డల వెంట సముద్రం దాకా



సంక్రాంతి సెలవుల్లో మేం ఏడుగురం సముద్రం ఒడ్డున టెంట్లేసుకుని తిరిగొచ్చిన సంగతి మీలో కొందరికి తెలుసు. "ఫొటోలు సరే, అక్కడి సంగతులు రాయండి" అని చాలామంది అడిగారు. అందుకే ఇది. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

మేమంటే ఎవరో ముందు చెప్తాం. అరకు, అనంతగిరి, హుకుంపేట మండలాల వాళ్లం ఆరుగురం, మందస కొండల నుంచి ఒక సవర తమ్ముడు. భగత, కొండదొర, కోందు, సవర అందరం కలిసిన గుంపు. ఇద్దరు అమ్మాయిలు, ఐదుగురు అబ్బాయిలు. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలల్లో చదివి, ఇప్పుడు అరకు, పాడేరు, విజయనగరం కాలేజీల్లో ఉన్నాం. సవర తమ్ముడు విజయనగరం హాస్టల్‌లో కలిశాడు. నాలుగు బండ్లు, మూడు టెంట్లు, మూడు రాత్రులు, నాలుగు పగళ్లు. మొత్తం సుమారు 550 కిలోమీటర్లు తిరిగాం. తలా 1,500 రూపాయల లోపే అయింది.

అసలు ఈ ఆలోచన ఎలా వచ్చిందంటే...

చలికాలం వస్తే మన కొండల మీద ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. వంజంగి, లంబసింగి, మాడగడ... శనివారం సాయంత్రానికి కార్లు బారులు తీరతాయి. కొండమీద రంగురంగుల టెంట్లు లేస్తాయి. తెల్లారి లేచి మబ్బుల సముద్రం చూసి, ఫొటోలు తీసుకుని, పది గంటలకల్లా దిగిపోతారు. వాళ్లు పోయాక మిగిలేది బిర్యానీ పొట్లాలు, నీళ్ల సీసాలు, చలిమంటలకి మాడిన నేల. మన కుర్రాళ్లకి నాలుగు డబ్బులు వస్తున్నాయి, కాదనం. టెంట్లు అద్దెకిచ్చేది మనవాళ్లే, టీ అమ్మేది మనవాళ్లే. కానీ "ఈ కొండ ఎవరిది, ఇక్కడ పడుకోవచ్చా" అని ఊళ్లో అడిగినవాళ్లు ఎందరు? నీళ్ల బిందె ఎత్తుకొస్తున్న మన అమ్మని "అలాగే నిలబడమ్మా" అని ఫొటో తీసేవాళ్లే ఎక్కువ.

ఒక రోజు మాలో ఒకరు అన్నారు, "మనల్ని చూడ్డానికే అందరూ వస్తారు. మనం ఎక్కడికైనా చూడ్డానికి వెళ్లామా?" నిజమే. మా ఏడుగురిలో నలుగురు సముద్రాన్ని ఒక్కసారే చూశారు. అది కూడా స్కూలు విహారయాత్రలో, విశాఖ ఆర్కే బీచ్‌లో, అరగంట. మాస్టారు విజిల్ వేస్తే బస్సెక్కేశారు. మబ్బుల సముద్రం రోజూ చూసేవాళ్లం, అసలు సముద్రం దగ్గర ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. అప్పుడే అనుకున్నాం, అవే టెంట్లు పట్టుకుని కిందికి దిగుదామని. అయితే మన దగ్గరికి వచ్చేవాళ్లు మనతో ఎలా ఉండాలని కోరుకుంటామో, మనం అక్కడ అలా ఉండి చూద్దామని.

దారి ఏదన్నది పెద్ద చర్చయింది. చివరికి మన గెడ్డలే దారి చూపించాయి.

గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం దాటి, పద్మనాభం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. చంపావతి కూడా తూర్పు కనుమల్లో పుట్టి కోనాడ దగ్గర కలుస్తుంది. నాగావళి, వంశధార ఒడిశా కొండల్లో, కోందులుండే చోట పుట్టి శ్రీకాకుళం జిల్లాలో కడలికి చేరతాయి. మహేంద్రతనయ పేరులోనే ఉంది, మహేంద్రగిరి కూతురు. సవరల కొండల్లోంచి వచ్చి బారువ దగ్గర కలుస్తుంది. అంటే భీమిలి నుంచి బారువ దాకా ఒడ్డు పట్టుకుని వెళ్తే వరసగా అయిదు నదులు, అయిదూ కొండ నీళ్లే. వాటి వెంటే వెళ్దామని ఖాయం చేసుకున్నాం.

బయల్దేరే ముందు కాగితం మీద మాకు మేం కొన్ని కట్టుబాట్లు రాసుకున్నాం. ఏ ఊరి ఒడ్డున దిగినా ముందు ఊరి పెద్దలని అడగాలి, వద్దంటే వెళ్లిపోవాలి. మనుషుల ఫొటోలు అడక్కుండా తియ్యకూడదు. మందు, జీలుగు కల్లు ఏవీ వద్దు. పాటలు పెట్టెలో మోగకూడదు. తినడానికి అడ్డాకులు, తాగడానికి స్టీలు గ్లాసులు. తెచ్చిన ప్రతి కవరూ తిరిగి మన సంచిలోకే. సముద్రంలో స్నానం లేదు. ఈ చివరిదాని మీద కొంచెం గొడవైంది గానీ అమ్మాయిలిద్దరూ గట్టిగా నిలబడ్డారు.

టెంట్లు వంజంగి దగ్గర టూరిస్టులకి అద్దెకిచ్చే కుర్రాడి దగ్గరే తీసుకున్నాం. "సముద్రానికా? ఇసకలో మేకులు నిలబడవు, సంచులు పట్టుకెళ్లండి" అన్నాడు. వాడి మాట బంగారం. ఎందుకో తర్వాత చెప్తాం. ఇవి కాక చోడిపిండి, రాజ్మా, పసుపు, కాఫీ పొడి తలో కొంచెం కట్టుకున్నాం. ఒకరింటికి ఉత్త చేతులతో వెళ్లకూడదు కదా.

మొదటి రోజు

పొద్దున్నే అరకులో పొగమంచు పది అడుగుల ముందు ఏముందో కనిపించనివ్వలేదు. లైట్లేసుకుని ఘాట్ దిగాం. బొర్రా దగ్గర ఆగాం. లోయలో గోస్తని పలచగా, సన్నగా పారుతోంది. మాలో ఒకరిది ఆ చుట్టుపక్కల ఊరే. ఆ ఊళ్ల గురించి చిన్నవాళ్లకి తెలియకపోవచ్చు. బొర్రా పంచాయతీ చుట్టూ గనుల లీజుల మీద జరిగిన పోరాటమే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వమైనా సరే గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనులు లీజుకివ్వకూడదని చెప్పిన తీర్పు అది. ఆ తీర్పు పుట్టిన చోటే ఈ నది కూడా పుట్టింది. విశాఖ నగరం తాగే నీళ్లలో కొన్ని తాటిపూడి నుంచి వెళ్తాయి. అంటే మన కొండని ఎవరూ తవ్వకుండా ఉంటేనే కింద ఎవరి కుళాయికైనా నీళ్లు.

శృంగవరపుకోట దాటాక చలి పోయింది, స్వెట్టర్లు సంచిలోకి వెళ్లాయి. పద్మనాభం కొండ పక్కనుంచి మధ్యాహ్నానికి భీమిలి చేరాం. నది సముద్రంలో కలిసేచోట చాలాసేపు నిలబడ్డాం. బొర్రా దగ్గర రాళ్ల మీద గెంతే గెడ్డ ఇక్కడ ముసలావిడలా మెల్లగా, వెడల్పుగా పడుకుని ఉంది. ఒడ్డున అవతలికి, అంటే ఉత్తరానికి, కొన్ని కిలోమీటర్లు వెళ్లి ఒక చిన్న జాలరి పల్లె దగ్గర ఆగాం.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గరికి వెళ్లి అడిగాం.

"ఏ ఊరు బాబూ మీది?"

"అరకు దగ్గర, చిన్నాన్నా. ఈ రాత్రి మీ ఒడ్డున టెంట్లేసుకుని పడుకోవచ్చా?"

"అరకా! అంత దూరం నుంచి ఇసకలో పడుకోడానికొచ్చారేటి?"

"మా కొండకీ అంత దూరం నుంచి మంచులో పడుకోడానికొస్తారు చిన్నాన్నా."

ఆయన నవ్వాడు. ఇంకో ఇద్దరు పెద్దల్ని పిలిచి మాట్లాడుకున్నారు. తర్వాత ఆయనే వచ్చి చోటు చూపించాడు. పడవలకి దగ్గరగా వెయ్యొద్దన్నాడు, తెల్లారగట్ల పడవ తోసేటప్పుడు దారికి అడ్డమట. తడి ఇసక, దాని పైన నాచు, గవ్వలు పేరుకున్న గీత చూపించి, "పోటు ఇందాకా వస్తాది. అమాసకి, పున్నానికి ఇంకా పైకొస్తాది. మీరు ఆ తీగలున్న చోటికి ఎక్కండి" అన్నాడు. ఇసక మీద పాకే ఆ తీగలు ఎక్కడుంటే అక్కడిదాకా మామూలు పోటు రాదని మాకు అర్థమైంది. మనం గెడ్డ పక్కన పడుకునేటప్పుడు వరద గుర్తు చూసుకున్నట్టే.

మేకులు నిజంగానే నిలబడలేదు. సంచుల్లో ఇసక నింపి, తాళ్లు కట్టి, గోతిలో పాతితే టెంటు గట్టిగా నిలిచింది. ఇంతలో ఒక ముసలమ్మ వచ్చి, "ఆడపిల్లలు ఇసకలో పడుకోడవేటి? మా ఇంట్లోకి రండమ్మా" అని మా ఇద్దరు అమ్మాయిల్ని పట్టుకుపోయింది. వాళ్ల టెంటు ఆ ఇంటి వాకిట్లోనే వేశాం. స్నానాలగది ఇబ్బంది కూడా తీరింది. మనవాళ్లెవరైనా అమ్మాయిలతో వెళ్లాలనుకుంటే ఈ సంగతి ముందే చూసుకోండి. బీచ్ ఎంత అందంగా ఉందన్నది తర్వాత మాట.

ఆ రాత్రి పెద్దమ్మ చెప్పిన సంగతి మమ్మల్ని చాలా కదిలించింది. ఆమె వయసులో ఉన్నప్పుడు ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని, కిరండోల్ బండెక్కి అరకు సంతకి వచ్చేదట. "శుక్రారం సంత. మీ కొండోళ్లు నెత్తళ్లు బాగా కొనీవోళ్లు. డబ్బుల్లేకపోతే చింతపండు ఇచ్చీవోళ్లు, నేను పట్టుకొచ్చీదాన్ని" అంది. మన ఇళ్లలో అవ్వలు ఉప్పుచేప, చింతపండు పులుసు పెట్టి చోడి అంబలితో తాగే రోజులు గుర్తుచేసుకోండి. ఆ చేప ఎవరు ఎండబెట్టారో, ఎక్కడినుంచి వచ్చిందో మనం ఎప్పుడూ అడగలేదు. ఆ మనిషి మా ముందు కూర్చుని ఉంది.

హుద్‌హుద్ తుఫాను మాట కూడా వచ్చింది. 2014 అక్టోబర్ 12. వాళ్లకి పడవలు, వలలు, ఇళ్ల కప్పులు పోయాయి. అదే గాలి ఘాట్ ఎక్కి మన కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లని పడగొట్టింది. నీడ పోయి కాఫీ మొక్కలు ఎండిపోయాయి. ఒకే తుఫాను రెండు చోట్లా దెబ్బకొట్టింది. మనం మాత్రం ఒకరి సంగతి ఒకరం టీవీలో చూసుకున్నాం.

చలి గురించి ఒక మాట. మన కొండ చలి పొడి చలి కాదు, కానీ మంట వేసుకుంటే తగ్గుతుంది. ఒడ్డున చలి అంతగా ఉండదు గానీ తడి ఎక్కువ. తెల్లారేసరికి టెంటు పైనా లోపలా నీళ్లు కారుతున్నాయి. రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది, సముద్రం చల్లబడదు. అందుకని గాలి నేలవైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. అంటే అర్ధరాత్రి మా వీపుకి తగిలిన గాలి పడమటి నుంచి, మన కొండలున్న వైపు నుంచి వచ్చింది. టెంటు తలుపు సముద్రం వైపు పెట్టుకుంటే రాత్రంతా హాయిగా ఉంటుంది.

రెండో రోజు

తెల్లవారి ఒడ్డు నుంచి లాగే పెద్దవల తీస్తున్నారు. రెండు వైపులా తాళ్లు పట్టుకుని ఇరవై ముప్పై మంది లాగుతారు. "ఊరికే చూస్తారేటి, పట్టండి" అన్నారు. పట్టాం. దాదాపు గంటన్నర. అరచేతులు మండిపోయాయి. వలలో నెత్తళ్లు, కవళ్లు, కొన్ని కానాగంతలు. అంతమంది అంతసేపు లాగితే పడింది నాలుగు గంపలు. చిన్నాన్న ఏమీ అనలేదు, గంపల వైపు చూసి వల దులుపుకున్నాడు. పోడు మీద వానపడని ఏడు మన నాన్నలు ఇలాగే నిలబడతారు. మా వాటా అని ఒక అడ్డాకు నిండా నెత్తళ్లు ఇచ్చారు. మేం రాజ్మా, పసుపు ఇచ్చాం. పెద్దమ్మ పసుపు వాసన చూసి "ఇది కొండ పసుపే" అంది.

అక్కడినుంచి భోగాపురం వైపు. కొత్త విమానాశ్రయం కోసం భూములు, ఇళ్లు ఇచ్చి కదిలిన ఊళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. కోనాడ దగ్గర చంపావతిని, శ్రీకాకుళం దగ్గర నాగావళిని చూసుకుని సాయంత్రానికి కళింగపట్నం చేరాం. దారిలో శాలిహుండం కొండ ఎక్కాం. కింద వంశధార, పైన బౌద్ధ స్తూపాల ఇటుకలు. అంత పాత రోజుల్లో కూడా నది పక్కన కొండ చూసుకునే కట్టారు.

కళింగపట్నం దీపస్తంభం దగ్గరున్న ఒడ్డు కాక, ఊరివాళ్లని అడిగి కొంచెం అవతల సర్వి తోట పక్కన టెంట్లేశాం. సర్వి తోటలో మంట వెయ్యలేదు. రాలిన ఆకు నూనె పోసినట్టు అంటుకుంటుంది, ఆ తోటలే ఊళ్లకి తుఫాను గాలి నుంచి అడ్డు. వంట స్టవ్ మీదే.

ఆ రాత్రి జరిగిన మాటలు రాయాలా వద్దా అని మాలో మేం చాలా ఆలోచించాం. రాయడమే మంచిదనిపించింది.

ఊళ్లో కుర్రాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు. అందులో ఒకడు డిగ్రీ చదువుతున్నాడు, మా వయసే. కాఫీ తాగుతూ కాసేపు పరీక్షలు, సినిమాలు మాట్లాడుకున్నాక సూటిగా అడిగాడు, "అన్నా, మీరు ఎస్టీలు కదా. మమ్మల్ని ఎస్టీల్లో చేర్చమని మా పెద్దలు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. మీ సంఘాలు వద్దంటున్నాయి. మాకిస్తే మీకేటి నష్టం?"

ఒక్కసారిగా అందరం నిశ్శబ్దమైపోయాం. మాలో ఒకరు మెల్లగా చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో మన వాటా 6 శాతం. మీరు ఇప్పుడు బీసీ-ఏలో ఉన్నారు. మీ జనాభా పెద్దది, మీ ఊళ్లకి రోడ్డు ఉంది, బడి ఉంది. మా పైఊళ్లకి ఇంకా డోలీ మోతే. అదే 6 శాతంలోకి మీరు కూడా వస్తే మా కొండ మీద పిల్లాడికి సీటు మిగలదన్నదే మా భయం. జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేశాక మా ఊరి బడిలో మా టీచరు ఉద్యోగాలకే గ్యారంటీ లేకుండా పోయింది. మాకు భయం ఊరికే రాలేదు తమ్ముడూ.

అతను విన్నాడు. తర్వాత అతనన్నాడు, "రోడ్డుంది, నిజమే. ఆ రోడ్డు మీద మా నాన్న ఆగస్టులో గుజరాత్ వెరావల్ వెళ్తే మళ్లీ వేసవికే వస్తాడు. మాకు సెంటు భూమి లేదు. సముద్రమే పొలం, దానికి పట్టా ఉండదు." 2018 చివర్లో ఈ తీరం నుంచి వెళ్లిన ఇరవై మందికి పైగా జాలర్లని పాకిస్తాన్ పట్టుకుంది. ఎక్కువమంది 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. అలాంటి ఇళ్లు తనకి తెలుసని చెప్పాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో చెప్పాడు.

ఎవరి మాట ఎవరూ మార్చుకోలేదు. మేం మా మాట మీదే ఉన్నాం, ఇప్పటికీ ఉన్నాం. ఒక కులాన్ని జాబితాలో చేర్చాలంటే పార్లమెంటు చట్టం చెయ్యాలి. ఆ పని ఇసకలో కూర్చున్న మనవల్ల అయ్యేది కాదు. కానీ ఒక తేడా వచ్చింది. ఇంతకుముందు "వాళ్లు మన వాటా కోసం వస్తున్నారు" అనుకునేవాళ్లం, ఇప్పుడు ఆ "వాళ్లు"కి ఒక ముఖం ఉంది. అతనికీ అంతే అయ్యుంటుంది. డోలీ అంటే ఏంటో అతను మమ్మల్ని మళ్లీ మళ్లీ అడిగాడు.

తర్వాత అతను అడిగిన ప్రశ్న ఇంకా బావుంది. "మీకు 1/70 ఉంది కదా, అదేటి?" చెప్పాం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో గట్టిపరిచారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి మారడానికి వీల్లేదు. అతను చాలాసేపు ఆలోచించి, "మా ఒడ్డుకీ అలాంటిది ఒకటి ఉంటే బావుణ్ను" అన్నాడు. తీరానికి సీఆర్‌జెడ్ నిబంధనలు 1991లో వచ్చాయి గానీ, అవి కట్టడాలెక్కడ కట్టాలో చెప్పేవి. జాలరి పడవ నిలిపే ఇసక జాలరిదేనని చెప్పేవి కావు. 2019లో వాటిని కూడా సడలించారు. మేం అనుకున్నదేంటంటే, వాళ్లకి నిజంగా కావలసిన చట్టం మన జాబితాలో లేదు. వాళ్ల ఒడ్డు మీద వాళ్లకి హక్కిచ్చే చట్టం కావాలి. ఆ పోరాటంలో మనం వాళ్ల వెనక నిలబడొచ్చు. 1/70 మనకి నేర్పింది అదే కదా.

మూడో రోజు

పొద్దున్న టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లాం. చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. చలికాలం ముందు వస్తాయి, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఊరివాళ్లు పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ చెట్ల కింద ఎవరూ గట్టిగా మాట్లాడరు. అతిథి అంటే ఎలా చూడాలో, అతిథి ఎలా ఉండాలో రెండూ అక్కడ కనిపించాయి.

నౌపడ దగ్గర ఉప్పుమళ్లు. మట్టి మడి కట్టి, ఉప్పునీళ్లు పెట్టి, ఎండకి వదిలేస్తారు. మేం వెళ్లేసరికి మళ్లు తొక్కి గట్టిచేస్తున్నారు. వరిమడి చేసినట్టే, నాటేది మాత్రం ఏమీ లేదు. ఒకప్పుడు ఉప్పు కోసం మన తాతలు ఘాట్ దిగి రోజులు నడిచేవారని విన్నాం. ఆ ఉప్పు పండే నేల మీద చెప్పులు విప్పి నిలబడ్డాం.

మూలపేట పోర్టు పనుల లారీల దుమ్ములోంచి బయటపడి, ఉద్దానం కొబ్బరితోటల మధ్య బారువ చేరేసరికి సాయంత్రం. 2018 అక్టోబర్ 11 తిత్లీ తుఫానుకి ఈ కొబ్బరి, జీడితోటలే నేలకూలాయి. కొత్త మొక్కలు ఇప్పుడిప్పుడే అందుకుంటున్నాయి.

ఇక్కడ మా సవర తమ్ముడి సంగతి చెప్పాలి. వాళ్ల ఊరు బారువకి బండి మీద గంటన్నర దూరం. మహేంద్రతనయ వాళ్ల కొండల నీళ్లే. అయినా ఆ నది సముద్రంలో కలిసేచోటు వాడు ఎప్పుడూ చూడలేదు. మందస సంతకి వస్తాం, పలాస రైలెక్కుతాం, ఇటు ఎందుకొస్తాం అన్నాడు. కలిసేచోట వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. "ఎలా ఉందిరా?" అని అడిగితే, "సగం ఉప్పు, సగం మాది" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత వాడు ఫోన్ తీసి వాళ్ల అమ్మకి చూపించాడు. ఆమె సవర భాషలో ఏదో అడుగుతూనే ఉంది, వాడు నీళ్లవైపు కెమెరా తిప్పుతూనే ఉన్నాడు.

ఆ తీరంలో తాబేళ్ల గుడ్లని కాపాడే కుర్రాళ్లున్నారు, జాలరి పిల్లలే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కోటి వంద పైనే. నక్కలు, కుక్కలు తవ్వెయ్యకుండా ఆ గుడ్లని తీసి, కంచె కట్టిన ఇసకలో మళ్లీ పాతి, నెలన్నర, రెండు నెలలు కాపలా కాస్తారు. పిల్లలు పొదిగాక సముద్రంలోకి వదులుతారు. వాళ్ల వెంట రాత్రి రెండు గంటలకి నడిచాం. టార్చి వెయ్యనివ్వలేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగున్న వైపే వెళ్తుందట, మామూలుగా అది సముద్రం మీది ఆకాశం. ఒడ్డున లైట్లు, చలిమంటలు ఉంటే దారితప్పి నేలవైపు పాకి చచ్చిపోతుంది. మేం మూడు రాత్రులూ మంట వెయ్యకపోవడానికి అసలు కారణం ఇదే. కొత్త సంవత్సరానికి బీచ్‌లో మంట వేసుకునే మిత్రులు గుర్తుపెట్టుకోండి.

తాబేలు కనిపించలేదు. ఇసకలో ట్రాక్టరు చక్రం పడినట్టు దాని జాడ కనిపించింది. జాడ పట్టుకుని వెళ్లి, కుర్రాళ్లు చేత్తో తవ్వి గుడ్లు తీశారు. మేం లెక్కపెట్టాం, 114. అడవిలో జాడ చూసి నడవడం మనకి కొత్త కాదు, వాళ్లకీ కాదు. తెల్లారాక అదే ఒడ్డున చచ్చిన పెద్ద తాబేళ్లు రెండు కనిపించాయి. ట్రాలర్ల వలల్లో చిక్కుకుంటే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చస్తాయట.

వస్తూ వస్తూ సోంపేట బీల పక్కనుంచి వచ్చాం. ఆ తడినేలలో విద్యుత్ కేంద్రం వద్దని జనం నిలబడితే 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. కానీ కేంద్రం చివరికి ఆగింది. బీలలో ఇప్పటికీ నీళ్లున్నాయి, గేదెలు మేస్తున్నాయి. బండ్లు ఆపి ఐదు నిమిషాలు నిలబడి వచ్చాం.

వెళ్లాలనుకునేవాళ్లకి

1. సముద్రం మన గెడ్డ కాదు. గెడ్డలో ఈత వచ్చినంత మాత్రాన అలలో దిగొద్దు. మన తీరంలో ఒడ్డు దిగీ దిగగానే లోతు, కింద లాగుడు ఉంటుంది. మోకాళ్ల దాకా చాలు.
2. ముందు ఊరు, తర్వాత టెంటు. అడగనిదే దిగొద్దు.
3. పోటు గీతకి పైన, తీగలున్న చోట పడుకోండి. తీగలు పీకొద్దు, ఇసకని పట్టి ఉంచేవి అవే.
4. మేకులకి బదులు ఇసక సంచులు. టెంటు కింద పరవడానికి మందపాటి పట్టా.
5. తాగేనీళ్లు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. ఒడ్డు ఊళ్లలో మంచినీళ్లు వాళ్లకే కరువు, అక్కడ ఆధారపడొద్దు.
6. బండి గొలుసుకి, బ్రేకులకి ఉప్పు పడుతుంది. ఇంటికొచ్చిన రోజే మంచినీళ్లతో కడగండి.
7. మన పంట ఏదైనా కొంచెం పట్టుకెళ్లండి.

చివరగా ఒక ప్రతిపాదన. మన ఊళ్ల దగ్గర టెంట్లు వేసుకునే టూరిస్టులకి కూడా ఇలాంటి కట్టుబాట్లు మన గ్రామసభల్లో పెట్టి, బోర్డు మీద రాద్దాం. టెంట్లు అద్దెకిచ్చే మన కుర్రాళ్లే ముందు చదివి వినిపించాలి. పెసా చట్టం మనకి గ్రామసభ ఇచ్చింది, కొండమీద ఎవరు ఎలా ఉండాలో చెప్పే హక్కు మనం వాడుకోవాలి. వద్దనడానికి కాదు, వచ్చేవాళ్లు అతిథుల్లా రావాలని.

ఇంకోటి. కళింగపట్నం తమ్ముళ్లని, భీమిలి పక్క చిన్నాన్న వాళ్లని మన ఇటుకుల పండక్కి పిలిచాం. ఏప్రిల్ సగంలో వాళ్లకి వేట ఆగిపోతుంది, ఖాళీగానే ఉంటారు. వస్తామన్నారు. పెద్దమ్మ మాత్రం రైల్లోనే వస్తానంది, ఆమెకి బొర్రా సొరంగాలు దాటడం మళ్లీ చూడాలనుందట. వాళ్లకి పడుకోవడానికి చోటు, నాలుగు రోజులు భోజనం మన గ్రూపు తరఫున చూద్దాం. ఎవరి ఊళ్లో పెట్టుకుందామో, ఎవరు ఏం తెస్తారో కింద రాయండి.

జోహార్.